నంబర్ వన్ రిసీవర్ ఎవరో ఎదుటి జట్టును చూస్తే తెలుస్తుంది

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే ఒక తండ్రి అడిగారు. ఆదివారాలు పద్నాలుగేళ్ల కొడుకుతో కూర్చుని డాలస్ కౌబాయ్స్ జట్టు మ్యాచ్‌లు చూస్తారట. కామెంటేటర్లు ఒక ఆటగాణ్ణి 'అసలైన నంబర్ వన్ రిసీవర్' అంటారు. అంతకంటే ఎక్కువ క్యాచ్‌లు పట్టిన మరొకణ్ణి 'మంచి నంబర్ టూ' అని ఊరుకుంటారు. లెక్కల్లో ముందున్నవాడు రెండోవాడు ఎలా అవుతాడన్నది ఆయన సందేహం. ఇంకోటి కూడా ఉంది. వాళ్ల అబ్బాయి స్కూల్ జట్టులో అందరికంటే పొడుగు, పరుగులోనూ ముందే, అయినా కోచ్ అతణ్ణి నంబర్ టూగా ఆడిస్తున్నాడు. అబ్బాయి బాధపడుతున్నాడు.

(సాకర్ అనుకునేవారికి ఒక మాట: ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. రిసీవర్ అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరిగెత్తుతూ పట్టుకునేవాడు.)

సూటిగా జవాబు ఇది. బంతి ఇతనికే వస్తుందని మైదానంలో అందరికీ ముందే తెలిసినప్పుడు, ఎదుటి జట్టు ఇతని కోసమే మనుషుల్ని సర్దుకున్నప్పుడు కూడా ఖాళీ తెచ్చుకుని బంతి పట్టగలిగేవాడు నంబర్ వన్. క్యాచ్‌ల లెక్క దాని తర్వాతే. ఎవరు నంబర్ వన్నో స్కోర్‌కార్డు కంటే ముందు ఎదుటి డిఫెన్స్ చెబుతుంది. వాళ్లు ఎవరికి భయపడి ఎక్కడ నిలబడ్డారో చూస్తే చాలు.

నేను పన్నెండేళ్లుగా డాలస్ చుట్టుపక్కల పిల్లల లీగ్‌లో రిసీవర్లకు కోచింగ్ ఇస్తున్నాను. మా పెద్దవాణ్ణి ప్రాక్టీస్‌కి దింపడానికి వెళ్లి, కోన్‌లు సర్దడంతో మొదలుపెట్టి, ఆ పనిలోనే ఉండిపోయాను. మూడేళ్లుగా ఒక ప్రైవేట్ స్కూల్ జట్టుకు వీడియోలు కూడా చూసిపెడుతున్నాను. కిందివన్నీ ఆ అనుభవంలోంచి, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్) చూసిన అనుభవంలోంచి చెబుతున్నవి.

మొదట మీ అసలు సందేహానికి వద్దాం. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ రెగ్యులర్ సీజన్ పదహారు మ్యాచ్‌లూ గెలిచింది. ఆ జట్టులో ఎక్కువ క్యాచ్‌లు పట్టింది వెస్ వెల్కర్, 112. ర్యాండీ మాస్ పట్టినవి 98. కానీ ఆ జట్టు నంబర్ వన్ ఎవరని అడిగితే ఏ కోచ్ అయినా మాస్ పేరే చెబుతాడు. ఆ 98 క్యాచ్‌లలో 1,493 గజాలు, 23 టచ్‌డౌన్‌లు (చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చినవి) ఉన్నాయి. ఒక సీజన్‌లో అన్ని టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టినవాడు అంతకు ముందు లేడు.

ఇద్దరి పనీ ఎలా ముడిపడి ఉండేదో చూడండి. మాస్ అంచున నిలబడగానే డిఫెన్స్‌లో అందరికంటే వెనక, లోతులో కాపలా ఉండే సేఫ్టీ అటువైపు జరిగేవాడు. జరగకపోతే మాస్ నేరుగా పరిగెత్తి తల మీదుగా బంతి పట్టుకునేవాడు. సేఫ్టీ అటు జరిగినప్పుడల్లా మైదానం మధ్యలో జాగా తెరుచుకునేది, ఆ జాగాలో వెల్కర్ తిరిగేవాడు. వెల్కర్ గొప్ప ఆటగాడు, ఆ 112 ఎవరో దానం చేసినవి కావు. కాకపోతే అతను తిరిగిన జాగాకు మాస్ అద్దె కట్టేవాడు.

మన వాళ్లకు ఇది కబడ్డీతో చెబితే తొందరగా ఎక్కుతుంది. ప్రో కబడ్డీలో వరసగా రెండు రైడ్‌లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే రైడర్ అవుట్. ఆ రైడ్‌కి ఎవరు వెళతారో అవతల ఏడుగురికీ తెలుసు. తెలుగు టైటాన్స్‌లో రాహుల్ చౌదరి ఆడిన రోజుల్లో హాల్లో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ మీదే కన్నేసి ఉంటాడు, కవర్‌లో ఉన్నవాడు ఒక అడుగు ముందుకు వేసి ఉంటాడు. అయినా గీత దాటి వెళ్లి ఒకణ్ణి తాకి రావాలి. ఫుట్‌బాల్‌లో పది గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్‌లు అంటారు. థర్డ్ డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి అన్న సమయం సరిగ్గా అలాంటిది. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ కళ్లు ఎవరి కోసం వెతుకుతాయో అతను నంబర్ వన్.

ఇప్పుడు కొంచెం లోపలికి వెళదాం, ఎందుకంటే మీ అబ్బాయి విషయం ఇక్కడే ఉంది.

రిసీవర్ స్థానాలు మూడు రకాలు. ఎక్స్ (X), జడ్ (Z), స్లాట్. ప్లే మొదలయ్యేటప్పుడు కనీసం ఏడుగురు బంతి ఉన్న గీత మీద ఉండాలన్నది రూల్. ఆ ఏడుగురిలో చివర, అంచున నిలబడేవాడు ఎక్స్. జడ్ రెండో వైపు, గీతకు ఒక అడుగు వెనకాల ఉంటాడు. స్లాట్ లోపలి వైపు, అతనూ వెనకాలే. ఈ ఒక్క అడుగు తేడా చాలా పెద్దది. వెనకాల ఉన్నవాణ్ణి స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందు అటూ ఇటూ నడిపించవచ్చు, పరుగు అందుకున్నాక బంతి అందించవచ్చు, అంచున రిసీవర్‌కి కాపలా కాసే కార్నర్‌బ్యాక్ చేతులు అతనికి అంత సులువుగా అందవు. గీత మీద నిలబడ్డ ఎక్స్‌కి ఆ వెసులుబాటు లేదు. కార్నర్‌బ్యాక్ ముఖంలో ముఖం పెట్టి నిలబడతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1978 నుంచి ఉన్న రూల్ ప్రకారం మొదటి ఐదు గజాల లోపల రిసీవర్‌ని చేతులతో కొట్టి ఆపవచ్చు. దీన్నే ప్రెస్ అంటారు. ఆ ఐదు గజాల్లో చిక్కుకున్నవాడి కోసం క్వార్టర్‌బ్యాక్ ఆగడు. అతని దగ్గర ఉండేది రెండున్నర, మూడు సెకన్లు.

ఇంకొకటి. చాలా జట్లు ముగ్గురు రిసీవర్లను ఒక వైపు పెట్టి, రెండో వైపు ఎక్స్‌ని ఒంటరిగా వదులుతాయి. టీవీలో ఇది కనిపించినప్పుడు ఆపి చూడండి. డిఫెన్స్‌కి అక్కడ ఒక లెక్క తేలాలి. ముగ్గురున్న వైపు నలుగురిని పెడితే ఒంటరివాడికి ఒక్కడే మిగులుతాడు. ఒంటరివాడి మీద ఇద్దరిని పెడితే ముగ్గురున్న వైపు మనుషులు చాలరు. ఆ ఒంటరివాడు మామూలు ఆటగాడైతే వాళ్లు ఆలోచించరు, ఒకణ్ణి వదిలేసి మిగతా అందరినీ అటు పంపుతారు. నంబర్ వన్ అయితే ఇద్దరిని పెట్టక తప్పదు. అక్కడే మిగతా ముగ్గురి పని సగం అయిపోతుంది. నంబర్ వన్ బంతి ముట్టని ప్లేలో కూడా జట్టుకు పని చేసి పెడతాడు. లెక్కల పట్టికలో ఇది ఎక్కడా కనిపించదు. అందుకే పట్టిక మాత్రమే చూసేవాళ్లకు కామెంటేటర్ మాట అర్థం కాదు.

నేను ఈ విషయంలో తప్పు చేసి నేర్చుకున్నాను. ఆరేళ్ల కిందట మా జట్టులో పదమూడేళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు. అందరికంటే తల ఎత్తు ఎక్కువ, పరుగులో వాణ్ణి పట్టేవాడు లేడు. ఆలోచించకుండా ఎక్స్‌లో పెట్టాను. మొదటి మూడు మ్యాచ్‌లలో ఎదుటి కార్నర్‌బ్యాక్‌లు ఏడెనిమిది గజాల దూరంలో నిలబడ్డారు, వీడు పరిగెత్తాడు, పట్టాడు, అంతా బాగుంది. నాలుగో మ్యాచ్‌లో అవతలి కోచ్ ప్రెస్ చేయించాడు. కార్నర్‌గా వచ్చిన పిల్లాడు వీడి భుజానికి కూడా రాడు. స్నాప్ అవగానే మావాడు అలవాటుగా ఎడమ కాలు వెనక్కి వేశాడు, ముందుకు దూకడానికి ఊపు కోసం. ఆ ఒక్క వెనకడుగులో రెండు గ్లవుజులు వచ్చి జెర్సీ మీది నంబర్‌కి అతుక్కుపోయాయి. మావాడు నిటారుగా నిలబడిపోయాడు. ఎత్తు ఉన్నవాడు నిటారుగా నిలబడితే తోసేవాడికి అంత సులువు ఇంకొకటి లేదు. మొదటి సగంలో వాడి వైపు నాలుగు బంతులు వేశాం, ఒక్కటీ అందలేదు. సైడ్‌లైన్‌కి వచ్చి హెల్మెట్ తీయకుండా కూర్చున్నాడు.

రెండో సగంలో ఎక్స్‌లోకి వేరే అబ్బాయిని మార్చాను. పొట్టి, బక్క. పరుగులో జట్టులో నాలుగోవాడో ఐదోవాడో. కానీ ప్రాక్టీస్‌లో వాణ్ణి చేతులతో పట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. మొదటి ప్లేలోనే స్నాప్ అవగానే ఉన్న చోటే రెండు చిన్న అడుగులు వేశాడు, టకటకమని, పాదాలు నేలకు అంటీ అంటనట్టు. భుజం ఒక వైపు వంచాడు. కార్నర్ అటు ఒరిగి చేయి చాచాడు. వీడు ఆ మణికట్టు మీద కిందికి ఒక దెబ్బ వేసి, అదే ఊపులో భుజం సన్నం చేసుకుని రెండో పక్కనుంచి జారిపోయాడు. లోపలికి ఏటవాలు పరుగు (స్లాంట్), పదకొండు గజాలు. ఇంకో రెండు అలాంటివే పట్టాడు.

నాలుగో క్వార్టర్‌లో అవతలి కోచ్ కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తన సేఫ్టీని పేరు పెట్టి పిలిచి 'వాడి వైపు వెళ్లు, వాడి మీదే ఉండు' అని అరిచాడు. సేఫ్టీ ఆ పొట్టివాడి వైపు జరిగాడు. అప్పటికి జడ్‌లో ఉన్న మా పొడుగు అబ్బాయికి రెండో వైపు ఒక్క కార్నర్ మాత్రమే మిగిలాడు, అతనూ దూరంగా ఉన్నాడు. రెండు లోతు బంతులు పట్టాడు, ఒకటి టచ్‌డౌన్. మ్యాచ్ అయ్యాక నా నోట్‌బుక్‌లో పొడుగువాడికి రెండు క్యాచ్‌లు, డెబ్భైకి పైగా గజాలు. పొట్టివాడికి మూడు క్యాచ్‌లు, ముప్ఫై ఒక్క గజాలు. తల్లిదండ్రులందరూ పొడుగువాడి వీపు తట్టారు. వాడికీ ఆ రోజు అది అవసరమే. కానీ ఆ జట్టు నంబర్ వన్ ఎవరో అవతలి కోచ్ కేక చెప్పేసింది.

మీ అబ్బాయి కోచ్ కూడా బహుశా ఇదే చూసి ఉంటాడు. పొడుగు, వేగం ఉన్న పద్నాలుగేళ్లవాణ్ణి గీతకు అడుగు వెనక పెడితే వాడికి పరుగు అందుకునే చోటు దొరుకుతుంది. అది తక్కువ చేయడం కాదు. ఈ ఏడాది వాడి బలం ఉన్న చోట వాడటం. అబ్బాయికి ఈ మాట మీరు కాకుండా కోచే చెబితే ఇంకా బాగుంటుంది, ఒకసారి అడిగించండి.

వేగం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన తల్లిదండ్రులు ఎక్కువ డబ్బు పోసేది దాని మీదే. నలభై గజాల పరుగు ఎన్ని సెకన్లలో అన్నది చుట్టూనే క్యాంపులన్నీ తిరుగుతాయి. మా జట్టు పిల్లలు కొందరు ఒక వేసవి క్యాంపుకి బాగానే ఫీజు కట్టి వెళ్లారు. నాలుగు రోజుల్లో వాళ్ల మీద ఒక్కరు కూడా చేయి వేసి ప్రెస్ చేయలేదు. టైమ్ రాసిన కాగితం చేతికిచ్చి పంపారు. వేగం వద్దని నేను అనను. ఉంటే డిఫెన్స్ వెనక్కి జంకుతుంది. కానీ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గజాలు, 22,895, జెర్రీ రైస్‌వి. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్‌వి 17,492. ఇద్దరిలో ఎవరినీ వేగానికి పేరున్నవాడని ఎవరూ అనలేదు. దవాంటే ఆడమ్స్ నలభై గజాల టైమ్ 4.56 సెకన్లు, రిసీవర్లలో చాలా మామూలు టైమ్. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేది) రెండో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. గీత మీద అతని కాళ్లు చేసే పని చూడండి, స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడి అడుగులు అవి. కార్నర్ నడుము ఎటు తిరిగిందో చూసి రెండో వైపు వెళతాడు. 2022లో ప్యాకర్స్ వదిలి రైడర్స్‌కి వెళ్లిన మొదటి ఏడాదే 100 క్యాచ్‌లు, 1,516 గజాలు, 14 టచ్‌డౌన్‌లు. క్వార్టర్‌బ్యాక్ మారాడు, జట్టు మారింది, ఆడమ్స్ మాత్రం మారలేదు.

నంబర్ టూ ముద్ర శాశ్వతం అనుకోవద్దని అబ్బాయికి చెప్పడానికి జస్టిన్ జెఫర్సన్ కథ పనికొస్తుంది. 2019లో ఎల్‌ఎస్‌యూ కాలేజీ జట్టులో అతను, జామార్ చేజ్ కలిసి ఆడారు. జెఫర్సన్ 111 క్యాచ్‌లు పట్టాడు, చేజ్ 84. అయినా అంచున ఒంటరిగా నిలబడింది చేజ్. జెఫర్సన్ ఎక్కువగా స్లాట్‌లో ఆడాడు. అందుకే 2020 డ్రాఫ్ట్‌లో 'ఇతను స్లాట్ ఆటగాడు, అంచున ప్రెస్‌ని తట్టుకోగలడా' అన్న అనుమానం వెంటాడింది. అతనికంటే ముందు నలుగురు రిసీవర్లు వెళ్లిపోయారు, వాళ్లలో కౌబాయ్స్ తీసుకున్న సీడీ ల్యాంబ్ ఒకడు. 22వ స్థానంలో వైకింగ్స్ జెఫర్సన్‌ని తీసుకుంది. ఆ 22వ స్థానం కూడా తమ నంబర్ వన్ స్టెఫాన్ డిగ్స్‌ని బఫలోకి ఇచ్చినందుకు వచ్చిందే. మొదటి ఏడాదే 1,400 గజాలు. 2022లో 1,809. ఎక్స్, జడ్, స్లాట్, ఎక్కడ పెట్టినా ఒకటే ఆట.

2022 నవంబర్‌లో బఫలోలో జరిగిన మ్యాచ్‌లో అతని క్యాచ్ దొరికితే అబ్బాయితో కలిసి చూడండి. వైకింగ్స్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది, దాదాపు రెండు నిమిషాలే మిగిలాయి. ఫోర్త్ డౌన్, 18 గజాలు కావాలి. బంతి ఎవరికి వెళుతుందో స్టేడియంలో అందరికీ తెలుసు. బంతి గాల్లోకి లేచింది, డిఫెండర్ రెండు చేతులూ దాని మీద పడ్డాయి. జెఫర్సన్ వెనక్కి ఒరిగిపోతూ ఒంటి చేత్తో ఆ రెండు చేతుల మధ్యనుంచి బంతిని లాక్కుని నేల మీద పడ్డాడు. ఆ రోజు అతనివి 10 క్యాచ్‌లు, 193 గజాలు. వైకింగ్స్ ఓవర్‌టైమ్‌లో 33-30తో గెలిచింది. ఇక్కడ 'ఖాళీ తెచ్చుకోవడం' అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. ఖాళీ లేకపోయినా బంతి తనదే అనిపించుకోవడం. క్వార్టర్‌బ్యాక్ అలాంటివాడికి మాత్రమే అలాంటి బంతి వేస్తాడు.

రెండో వైపు కథ కూడా చెప్పాలి. 2018లో పిట్స్‌బర్గ్‌లో జూజూ స్మిత్-షుస్టర్ 111 క్యాచ్‌లు, 1,426 గజాలు. అవతలి అంచున ఆంటోనియో బ్రౌన్ ఉండేవాడు, అతనివి 104 క్యాచ్‌లు, 1,297 గజాలు. అంకెలు చూసి జూజూయే ముందున్నాడని చాలామంది అనుకున్నారు. బ్రౌన్ వెళ్లిపోయాడు. 2019లో జూజూ 12 మ్యాచ్‌లలో 42 క్యాచ్‌లు, 552 గజాల దగ్గర ఆగిపోయాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ రోత్‌లిస్‌బర్గర్ రెండో మ్యాచ్‌లోనే మోచేయి గాయంతో తప్పుకున్నాడు, జూజూకీ గాయాలయ్యాయి. తప్పంతా అతని మీద వేయలేం. కానీ డిఫెన్స్ దృష్టి మొత్తం తన మీదికి తిరిగినప్పుడు ఆట ఎంత మారుతుందో అక్కడ కనిపించింది. అదే జూజూ 2022లో కాన్సస్ సిటీకి వెళ్లి, దృష్టంతా ట్రావిస్ కెల్సీ మీద ఉండగా 933 గజాలు తెచ్చి సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచాడు. మంచి నంబర్ టూ అంటే ఇంత విలువ.

మీరు కౌబాయ్స్ అభిమానులు కాబట్టి ల్యాంబ్ సంగతి గుర్తుండే ఉంటుంది. 2022 మార్చిలో అమారీ కూపర్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసి ల్యాంబ్‌ని నంబర్ వన్ చేశారు. కొత్త హోదాలో మొదటి మ్యాచ్ టాంపాతో. ల్యాంబ్ వైపు 11 బంతులు వేస్తే పట్టినవి రెండు, 29 గజాలు. జట్టు 19-3తో ఓడింది. మా ఊళ్లో మరుసటి రోజు ఎవరిని కదిపినా 'ఇతను నంబర్ వన్ కాదు' అన్నమాటే. ఆ ఏడాది చివరికి అతనివి 107 క్యాచ్‌లు, 1,359 గజాలు. తర్వాతి ఏడాది 135 క్యాచ్‌లు, 1,749 గజాలు. దృష్టి తన మీదికి తిరిగిన రోజు తడబడటం సహజం. దాన్ని దాటడానికి ఒక్కొక్కరికి ఒక్కో సమయం పడుతుంది. ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పకండి, ముఖ్యంగా పిల్లల విషయంలో.

కొంతమంది పండితులు 'స్లాట్‌లో ఆడేవాడు అసలైన నంబర్ వన్ కానే కాడు' అంటారు. నేను ఒప్పుకోను. కూపర్ కప్ (Kupp) అనే ఆటగాడు డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో వచ్చినవాడు, నలభై గజాలు 4.62 సెకన్లలో పరిగెత్తినవాడు, ఎక్కువగా లోపలి వైపే ఆడతాడు. 2021లో రామ్స్ జట్టుకు 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్‌లు, మూడింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో రామ్స్ చివరి డ్రైవ్ (బంతితో ముందుకు సాగిన వరస ప్లేలు) చూడండి. మిగతా రిసీవర్లలో రాబర్ట్ వుడ్స్ నవంబర్ నుంచే లేడు. ఓడెల్ బెక్‌హామ్ రెండో క్వార్టర్‌లో మోకాలి గాయంతో వెళ్లిపోయాడు. రామ్స్ వెనకబడి ఉంది. సిన్సినాటికి కాపలా కాయాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు, అయినా ఆపలేకపోయింది. కప్ ఫోర్త్ డౌన్‌లో బంతి తీసుకుని పరిగెత్తి కావలసిన గజం తెచ్చాడు, ఆ తర్వాత క్యాచ్ మీద క్యాచ్, చివరికి నిమిషం 25 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్. 23-20. నిలబడే చోటు ఒక పనిముట్టు లాంటిదే. ఆ సమయంలో పని జరిగిందా లేదా అన్నదే నాకు లెక్క.

క్వార్టర్‌బ్యాక్ నమ్మకం గురించి క్లుప్తంగా. పెద్ద స్థాయిలో రిసీవర్ మలుపు తిరగక ముందే బంతి చేయి వదులుతుంది. పన్నెండు గజాలు అంటే పన్నెండే, పదమూడు కాదు. ఒక్క అడుగు తేడా వస్తే బంతి ఎదుటివాడి చేతిలో పడుతుంది. నంబర్ వన్‌కి ఆ నమ్మకం ఎక్కువ బంతులు తెస్తుంది. జట్టు విసిరే పాస్‌లలో నాలుగింట ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ఒకే మనిషికి వెళుతుంటే అతను ఆ పని చేస్తున్నాడని అనుకోవచ్చు. పాత రోజుల్లో 1,000 గజాలను గీటురాయి అనేవారు. 2021 నుంచి 17 మ్యాచ్‌లు ఆడుతున్నారు. అంటే మ్యాచ్‌కి 59 గజాలు చాలు. అది ఇప్పుడు మంచి నంబర్ టూ కూడా తెచ్చే అంకె. నేను చూసేది, పరిగెత్తిన ఒక్కో రూట్‌కి సగటున ఎన్ని గజాలు అన్నది. రెండు దాటితే బాగా ఆడుతున్నట్టు, రెండున్నర దాటితే చాలా కొద్దిమందిలో ఒకడు.

నంబర్ వన్ రిసీవర్ లేకపోతే గెలవలేరా అంటే, గెలవగలరు. కాన్సస్ సిటీ 2022లో టైరీక్ హిల్‌ని మయామీకి ఇచ్చేసి ఆ సీజన్ సూపర్ బౌల్ గెలిచింది. అక్కడ ఆ పని టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ క్యాచ్‌లు కూడా పట్టే స్థానం) కెల్సీ చేశాడు. ఉన్నంత మాత్రాన గెలుస్తారా అంటే అదీ లేదు. 2012లో కాల్విన్ జాన్సన్ 1,964 గజాలతో రికార్డు పెట్టిన డెట్రాయిట్ నాలుగే మ్యాచ్‌లు గెలిచింది. 2024లో చేజ్ క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింట్లోనూ మొదటివాడు, సిన్సినాటి ప్లేఆఫ్‌కి వెళ్లలేదు. అయినా ఆ జట్టు 2025లో అతనికి నాలుగేళ్లకు 161 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసింది. అలాంటివాళ్లు దొరకడం కష్టం కాబట్టే ఆ ధర. లీగ్‌లో 32 జట్లున్నాయి కదా అని 32 మంది నంబర్ వన్‌లు ఉండరు. నా లెక్కలో ఏ ఏడాదైనా పన్నెండు, పదిహేను మందికి మించరు. మిగతా జట్లలో ఉన్నది తమ జట్టులో ముందున్నవాడు మాత్రమే.

ఇక మీ అబ్బాయికి. పద్నాలుగేళ్లకు ఎత్తు, పరుగు ఉన్నాయంటే పెట్టుబడి ఉన్నట్టే. ఈ సీజన్ అయ్యేలోపు మూడు పనులు చేయించండి.

వాడు గీత మీద నిలబడ్డప్పుడు పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయండి, స్లో మోషన్‌లో. స్నాప్ అవగానే ముందరి కాలు కదలకుండా వెనక కాలు ఇంకా వెనక్కి పోతోందా చూడండి. పోతుంటే ముందు అది మానాలి. బరువు ముందరి కాలి మునివేళ్ల మీద ఉంటే మానుతుంది. మా వాళ్లకు వెనక మడమ దగ్గర ఒక టెన్నిస్ బంతి పెడతాను. మడమ వెనక్కి వెళితే బంతి దొర్లుతుంది, చెప్పాల్సిన పని ఉండదు.

రెండోది, రోజూ పది నిమిషాలు ఎవరో ఒకరు వాడి ఛాతీ మీదికి చేతులు చాపాలి. తండ్రిగా మీరే చేయవచ్చు, వంటింట్లో వాడుకునే ఓవెన్ గ్లవుజులు తొడుక్కోండి, నేను అలాగే చేశాను. మణికట్టు మీద కొట్టడం, మోచేయి కింద నుంచి ఎత్తడం, భుజం వంచి జారడం. మూడు వారాల్లో మీ చేతులు వాడికి తగలడం తగ్గుతుంది.

మూడోది కూర్చుని చేసేది. ఆదివారం మ్యాచ్ చూసేటప్పుడు థర్డ్ డౌన్ రాగానే బంతిని చూడవద్దని చెప్పండి. స్నాప్‌కి ముందు సేఫ్టీ ఎటు అడుగు వేశాడో వాడు మీకు చెప్పాలి, ఎవరి కోసం వేశాడో కూడా. మొదట్లో సగం తప్పులు చెబుతాడు, పర్వాలేదు. తర్వాత శుక్రవారం తన మ్యాచ్‌లో అవతలి సేఫ్టీ తన వైపు ఎన్నిసార్లు తిరిగాడో రాసుకోమనండి. ఇప్పుడు సున్నా ఉంటుంది. ఆ అంకె ఒకటి అయిన రోజు ఇక్కడ రాయండి, ఆ ప్లే వీడియో ఉంటే నేను చూసి చెబుతాను.